కోడిగుడ్ల తగాదా

పిల్లలూ, కోడిగుడ్ల విషయంలో రెండు దేశాలు పంతానికి పోయాయంటే మీరు నమ్ముతారా? నిజంగానే పోయాయి. ఆ సంగతి తెలియాలంటే ముందు సుంకం అంటే ఏమిటో తెలియాలి.

పైదేశపు సరుకు వచ్చినప్పుడు ప్రభుత్వం దానిమీద కొంత సొమ్ము వసూలు చేస్తుంది. అదే దిగుమతి సుంకం. వర్తకుడు చాలావరకు దానిని సరుకు ధరలో కలిపేస్తాడు. పైసరుకు ప్రియమవుతుంది గనక స్వదేశపు సరుకుకు గిరాకీ పెరుగుతుంది.

1930లో అమెరికా రైతులు కష్టాలలో ఉన్నారు. పైసరుకును అడ్డుకుంటే వారు బాగుపడతారని అక్కడి శాసనసభ వందలాది వస్తువులపై సుంకాలు పెంచుతూ చట్టం చేసింది. దానిని ఆమోదించవద్దని వెయ్యిమందికి పైగా అర్థశాస్త్రజ్ఞులు అధ్యక్షుడు హూవరును కోరారు. అయినా ఆయన జూన్ 17న సంతకం చేశాడు.

దానితో కెనడా గుడ్లమీద డజనుకు 8 సెంట్లున్న సుంకం 10 సెంట్లయింది. పెరిగినది రెండే సెంట్లు! కాని కెనడా ఊరుకుంటుందా? అమెరికా గుడ్లమీద తాను వేసే 3 సెంట్ల సుంకాన్ని 10 సెంట్లు చేసింది. 1929లో కెనడాకు 9 లక్షలకు పైగా డజన్ల గుడ్లు అమ్మిన అమెరికా, 1932లో 14 వేల డజన్లయినా అమ్మలేకపోయింది. కెనడా అమ్మకం కూడా లక్షా 60 వేల డజన్ల నుంచి 8 వేలకు పడిపోయింది. అప్పుడు లోకమంతటా ఆర్థికమాంద్యం ఉన్నమాట నిజమే. కాని సుంకాల పంతం దానిని మరింత దుర్భరం చేసింది. ఎవరికోసం గోడ కట్టారో ఆ రైతే ఆ గోడ వెనక చిక్కుపడ్డాడు!

ఈ ముడి విప్పటమెలా? తానొక్కడే ముందుగా తగ్గించటానికి ఎవరికీ ధైర్యం చాలదు. అందుచేత అమెరికా విదేశాంగమంత్రి కార్డెల్ హల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతి ఎన్నుకున్నాడు. మీరు కొంత తగ్గిస్తే మేమూ కొంత తగ్గిస్తాం అని ఒక్కొక్క దేశంతో ఒప్పందం చేసుకోవటానికి 1934లో చట్టం వచ్చింది.

యుద్ధం ముగిశాక, 1947లో, 23 దేశాల ప్రతినిధులు జినీవా నగరంలో చేరి నెలల తరబడి బేరాలాడారు. వారిలో మన దేశంవారూ ఉన్నారు. బేరాలు సాగుతూండగానే మనకు స్వాతంత్ర్యం వచ్చింది! చివరకు సుమారు 45 వేల సుంకాల విషయంలో రాయితీలు కుదిరాయి. ఆ ఒప్పందం పేరు గాట్. దాని ముఖ్య సూత్రమేమంటే, ఒక దేశపు గుడ్లకు సుంకం తగ్గిస్తే మిగతా సభ్యదేశాల గుడ్లకూ అంతే తగ్గించాలి.

ఇటువంటి బేరాలు 1994 దాకా ఎనిమిది విడతలు జరిగాయి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. 2001లో మొదలైన తరువాతి విడత మాత్రం తెగలేదు. పేదదేశాల చిన్న రైతులకు ఎంత రక్షణ ఉండాలన్నది అందులో పెద్ద చిక్కు. లేత మొక్కకు కంచె కావాలి. కాని ఎంత ఎత్తు కంచె, ఎన్నాళ్ళు?

2025లో అమెరికా మళ్ళీ అనేక దేశాల సరుకులపై సుంకాలు పెంచింది. కెనడా కూడా ఎదురు సుంకాలు వేసింది. అప్పుడేం జరుగుతుందో గుడ్ల కథ విన్న మీకు ఎవరూ చెప్పనక్కరలేదు!