నడక కాళ్ళకే కాదు, చిగుళ్ళకీ!

తెల్లవారుజామున తార్నాక వైపు నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయంలోకి వెళ్ళి చూడండి. ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచేవాళ్ళు నడుస్తుంటారు, పరుగెత్తేవాళ్ళు పరుగెత్తుతుంటారు. వాళ్ళలో హాస్టలు అమ్మాయిలూ ఉంటారు. ఆ వయసులో మనలో ఎంతమందికి దక్కింది ఆ వీలు? చూస్తే ముచ్చటేస్తుంది.

అయితే వ్యాయామానికీ పళ్ళకీ ఉన్న సంబంధం మాత్రం వాళ్ళలో చాలామందికి తట్టదు. మా పక్క పోర్షన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయిని అడిగితే, "పళ్ళతో పరుగెత్తుతామా ఆంటీ?" అని పకపకా నవ్వింది. కేలరీలు, ప్రోటీన్లు గడగడా చెప్పే పిల్ల! బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందని కూడా చెప్పింది, అదేదో మామూలే అన్నట్టు.

తప్పు ఆ పిల్లది కాదు. ఒంటికో డాక్టరు, పంటికో డాక్టరు అనుకుంటూ రెంటినీ విడదీసింది మనమే. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మాటతీరు నేర్పాం గానీ, నోరూ ఒంట్లో భాగమేనని నేర్పలేదు.

ఒళ్ళు వంచి వ్యాయామం చేసేవాళ్ళలో చిగుళ్ళ జబ్బు తక్కువగా కనిపిస్తోందని అమెరికాలో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. వ్యాయామం రక్తంలో చక్కెరని అదుపులో ఉంచుతుంది, ఒంట్లో లోలోపలి వాపుని తగ్గిస్తుంది. షుగరు ఉన్నవాళ్ళకి చిగుళ్ళు త్వరగా పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపు తప్పుతుంది. అమ్మకో నాన్నకో షుగరు ఉన్న ఇంటి పిల్లలకి ఈ సంగతి తెలియకపోతే ఎలా? అలాగని నడిస్తే చాలు, బ్రష్ అక్కర్లేదనీ కాదు.

రెండోవైపూ చూడాలి. 2012 లండన్ ఒలింపిక్స్ అనగానే మనకి సైనా నెహ్వాల్ కాంస్య పతకం గుర్తొస్తుంది. అక్కడే, దంతవైద్యశాలకి వచ్చిన 302 మంది క్రీడాకారుల్ని పరీక్షించారు. నూటికి 55 మందికి పిప్పిపళ్ళు, 76 మందికి చిగుళ్ళ వాపు, 45 మందికి పంటిమీది ఎనామిల్ కరగడం! నోటి బాధలు తమ సాధననీ ఆటనీ దెబ్బతీశాయని 18 శాతం మంది చెప్పారు.

అంత దృఢమైన వాళ్ళకి ఎందుకిలా? ఆయాసంతో నోటితో గాలి పీలిస్తే నోరు ఎండిపోతుంది. పళ్ళని కాపాడే లాలాజలం తగ్గుతుంది. ఆ ఎండిన నోట్లోకి తీపీ పులుపూ కలిసిన స్పోర్ట్స్ డ్రింకులు గుక్కగుక్కగా పోస్తే ఎనామిల్ మెత్తబడుతుంది. మనం తాగే తేనె-నిమ్మరసమూ అంతే.

జాగ్రత్తలు కష్టమైనవి కావు. నడకకి ముందే బ్రష్ చేసుకోవాలి. దాహానికి మంచినీళ్ళే మేలు. నిమ్మరసం తాగితే వెంటనే నీళ్ళతో పుక్కిలించాలి, కనీసం అరగంట ఆగకుండా బ్రష్ ముట్టకూడదు. హాకీ, బాక్సింగ్ ఆడే పిల్లలకి మౌత్‌గార్డు తప్పనిసరి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తే డాక్టరుకి చూపించాలి.

ఆ చూపించడం దగ్గరే వస్తుంది చిక్కు. చాలా ఇళ్ళలో మగపిల్లాడి పంటినొప్పి ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్తుంది. ఆడపిల్లదీ అమ్మదీ లవంగం ముక్కతో సరిపెట్టుకుంటుంది. పెళ్ళిచూపుల్లో పలువరస చూసేవాళ్ళం, ఆ వరస వెనకాల చిగుళ్ళెలా ఉన్నాయో ఎందుకు అడగం?

విశ్వవిద్యాలయాలూ ఆలోచించాలి. సికింద్రాబాద్‌లో ఆర్మీ దంత వైద్య కళాశాల ఉంది, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. కాలేజీలో చేరిన ఏడాదే ప్రతి విద్యార్థికీ ఒకసారి పళ్ళ పరీక్ష చేయించడం, వ్యాయామ అధ్యాపకులు ఈ నాలుగు మాటలూ చెప్పడం పెద్ద ఖర్చుతో కూడిన పనులా? ఎన్నెస్సెస్ శిబిరాల్లో రక్తదానం పక్కనే ఓ దంతవైద్యుడి కుర్చీ వేయలేమా?

అంతవరకూ మన వంతు మనం చేద్దాం. హాస్టలు నుంచి పిల్ల ఫోను చేస్తే "తిన్నావా?" అంటాం. ఇకమీదట ఇంకో రెండు ప్రశ్నలు కలుపుదాం. "నడుస్తున్నావా? చిగుళ్ళ నుంచి రక్తమేమైనా వస్తోందా?" పిల్లని అడిగే ముందు అద్దంలో మన చిగుళ్ళనీ ఓసారి చూసుకుందాం.