చెక్కు ఇచ్చి చేతులు దులుపుకున్నారు

2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి. విశాఖ నుంచి బయల్దేరిన పలాస పాసింజరును వెనకే వచ్చిన రాయగడ పాసింజరు కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య గుద్దేసింది. 14 మంది ప్రాణాలు పోయాయి. 50 మంది దాకా గాయపడ్డారు. మర్నాడు ముఖ్యమంత్రి విజయనగరం ఆసుపత్రికి వచ్చారు. చనిపోయినవారికి 10 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవారికి 2 లక్షలు, చిన్న దెబ్బలకు 50 వేలు అని రైల్వే ప్రకటించింది. రాష్ట్రం తన వంతు ప్రకటించింది. ఫోటోలు పడ్డాయి.

ఆ తర్వాత? కాలికి రాడ్డు వేయించుకుని ఇంటికెళ్ళిన కూలిమనిషి మళ్ళీ మూట ఎత్తగలడా, ఇంట్లో పొయ్యి వెలుగుతోందా అని అడిగే నాథుడేడీ?

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆసుపత్రి మంచం దగ్గర ఇచ్చే ఎక్స్‌గ్రేషియా పరిహారం కాదు. అది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. పరిహారం వేరు, అది హక్కు. 1989 రైల్వే చట్టం 124వ సెక్షన్ ప్రకారం రైలు ప్రమాదంలో గాయపడ్డ ప్రయాణికుడు తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేదు. ప్రాణం పోయినా, రెండు చేతులు పోయినా 8 లక్షలు. మిగతా గాయాలకు ఏ అవయవానికి ఎంతో నిబంధనల్లోనే పట్టిక ఉంది. ఎక్స్‌గ్రేషియా తీసుకున్నంత మాత్రాన ఇందులో పైసా కోత పెట్టరు. ఈ ముక్క చెక్కుతో పాటు ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇస్తే ఎవరి సొమ్ము పోతుంది? ఇవ్వరు. సంతకం చేయించుకుని పోతారు. బాధితుడు ఆ చెక్కుతోనే అంతా అయిపోయిందనుకుంటాడు. అలా అనుకోవడమే వాళ్ళకు కావాలి.

ఈ పరిహారం కోసం రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కు ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపించి బతిమాలుకోవాలి. ఆ ఏడాదిలో ఆరేడు నెలలు మంచం మీదే గడిచే మనిషికి పెట్టిన గడువిది! పోనీ ట్రైబ్యునల్ ఎక్కడుంది? విశాఖలో లేదు. అమరావతి బెంచి పేరుతో గుంటూరులో ఉంది. చంకకింద కర్రలు పెట్టుకుని దాదాపు మూడు వందల ఎనభై కిలోమీటర్లు పోవాలి, అదీ మళ్ళీ రైల్లోనే. దక్షిణ కోస్తా జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో ఇదే విశాఖలో శంకుస్థాపన చేశారు. జోన్ ఇచ్చినవాళ్ళకు నెలకు నాలుగు రోజులు ఇక్కడ కూర్చునే సర్క్యూట్ బెంచి ఇవ్వడానికి చేతులు రాలేదా?

ఇక టికెట్. పాసింజరు బండిలో రిజర్వేషన్ జాబితా ఉండదు, వేలెడంత కాగితం ముక్క తప్ప. అది చొక్కా జేబులో ఉంటుంది. క్యాజువాల్టీలో ఆ చొక్కాను కత్తెరతో కోసి మూల పడేస్తారు. రక్తం కట్టిన ఆ గుడ్డలు తెల్లారేసరికి చెత్తలోకి పోతాయి. తర్వాత రైల్వే వకీలు లేచి "టికెట్ ఏదీ?" అంటాడు. టికెట్ లేనంత మాత్రాన ప్రయాణికుడు కాకుండా పోడని, ప్రమాణపత్రం దాఖలు చేస్తే కాదని నిరూపించాల్సిన భారం రైల్వేదేనని రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. ఎక్కుతూ దిగుతూ పడిపోవడం 'స్వయంగా చేసుకున్న గాయం' కాదని అదే తీర్పు చెప్పింది. 2022 డిసెంబరులో మన దువ్వాడ స్టేషన్‌లో ఒక విద్యార్థిని దిగబోయి రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య ఇరుక్కుంది. గంటకు పైగా నరకం పడి, బయటికి తీశాక ఆసుపత్రిలో చనిపోయింది. అలాంటి బిడ్డది అజాగ్రత్త అనడానికి నోరెలా వస్తుంది?

రైలు ప్రమాదానికి కెమెరాలైనా వస్తాయి. విశాఖలో కూర్మన్నపాలెం, సింధియా రూట్లలో సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారిపడిన వాళ్ళ దగ్గరికి అవీ రావు. బస్సు ప్రమాదాల దావాకు గడువు 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలలే. ఎఫ్ఐఆర్ నకలు, ఊండ్ సర్టిఫికెట్, వైకల్యానికి మెడికల్ బోర్డు కాగితం: ఒక్కోదానికి ఒక్కో గుమ్మం, ప్రతి గుమ్మంలోనూ "రేపు రా". ఈలోగా కేసు నేను చూసుకుంటానంటూ వచ్చినంతలో వాటా మాట్లాడుకునే మధ్యవర్తి వార్డులోకే వస్తాడు. వాడికి దారి తెలుసు, ప్రభుత్వానికి తెలియదా? విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో ఎముకల వార్డు బయట ఒక బల్ల, దరఖాస్తులు, న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒక మనిషి. అడిగేది ఇంతే.

ఆ బల్ల వచ్చేదాకా మీరే జాగ్రత్తపడండి. మీ వాళ్ళకు దెబ్బ తగిలితే బట్టలు పారేయనివ్వకండి, జేబులు వెతకండి. టికెట్‌ను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఉచిత బస్సులో జీరో టికెట్ మీద వెళ్ళిన ఆడవాళ్ళకూ పరిహారం హక్కు అంతే ఉంది. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి. బస్సుకు ఆరు నెలలు, రైలుకు ఏడాది.