కలలో వచ్చినవాడి కాళ్ళు

బర్కత్‌పురాలో మా కింది వాటాలో ఉండే పెద్దాయన మొన్న వేసవిలో పోయారు. అంబర్‌పేట శ్మశానానికి వెళ్ళి అందరం సాగనంపి వచ్చాం. ఎనిమిదో రోజు పొద్దున్నే ఆయన భార్య మెట్లెక్కి మా ఇంటికొచ్చారు. కర్మ చేయించే ఆయనకు కల వచ్చిందట. పోయినాయన కాళ్ళు బొబ్బలెక్కి, మండుటెండలో ఒక్కడే వెనకబడి నడుస్తున్నాడట. అందుకని చెప్పులు, గొడుగు, మంచం, పరుపు, వైతరణి దాటడానికి గోవు, గోవు లేకపోతే దాని వెల ఇవ్వాలట. జాబితా ఆమె చేతిలోనే ఉంది. పింఛను ఇంకా ఆమె పేరుకు మారలేదు.

ఆ కల నేను చదివినదే. దాని వయసు వెయ్యేళ్ళ పైమాట.

921లో బాగ్దాద్ ఖలీఫా వోల్గా తీరానికి పంపిన రాయబారుల్లో ఇబ్న్ ఫద్లాన్ ఒకడు. దారిలో స్టెప్పీ గడ్డి మైదానాల్లో ఒఘుజ్ తుర్కుల మధ్య గడిపాడు, చూసిందీ విన్నదీ రాసిపెట్టాడు. వాళ్ళలో గొప్పవాడు పోతే ఇల్లంత గొయ్యి తవ్వి, అంగీ తొడిగి, నడికట్టు కట్టి, విల్లు పక్కనపెట్టి, చేతికి మద్యం నింపిన కొయ్య గిన్నె ఇచ్చి కూర్చోబెడతారు. పైకప్పు వేసి మట్టితో గుమ్మటం కడతారు. ఆపైన అతని గుర్రాలను కోస్తారు. ఒకటో, వందో, రెండు వందలో, వాడి కలిమిని బట్టి. మాంసం తింటారు. తల, గిట్టలు, తోలు, తోక మాత్రం కర్రలకు వేలాడదీస్తారు. వీటినెక్కి స్వర్గానికి పోతాడని చెప్పుకుంటారు.

గుర్రాలు కోయడం ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే ఆ తెగ పెద్దల్లో ఒకాయనకు కల వస్తుంది. పోయినవాడు కనిపించి, తోటివాళ్ళంతా ముందుకు పోయారు, వాళ్ళ వెంట నడవలేక నా పాదాలు పగిలాయి, ఒంటరినైపోయానంటాడు. గుర్రాలు కోస్తారు. రెండు రోజులకు అదే పెద్దాయనకు మళ్ళీ కల: తోటివాళ్ళను కలుసుకున్నాడు, ఇప్పుడు సుఖంగా ఉన్నాడు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గడ్డి మైదానంలోనూ మన గల్లీలోనూ అవే పాదాలు, అదే నొప్పి. ఆ నొప్పి ఎప్పుడూ మూడో మనిషి నోటి గుండానే బయటికొస్తుంది.

కలకు సాక్ష్యం ఉండదు, ఎముకకు ఉంటుంది. హంగరీలో మజ్యార్లనే తెగల పదో శతాబ్దపు సమాధుల్లో తరచుగా గుర్రం పుర్రె, కాళ్ళ ఎముకలు మాత్రమే దొరుకుతాయి. మిగతా కళేబరం ఉండదు. అంటే తోలూ గిట్టలూ చచ్చినవాడికి, మాంసం బతికినవాళ్ళకు. ఆ నేలలోనే అంతకుముందు ఉన్న అవార్లనే జనం శ్మశానాల నుంచి 424 మంది ఎముకల డీఎన్‌ఏ పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. తొమ్మిది తరాల వంశవృక్షం బయటపడింది. మగవాళ్ళు పుట్టినచోటే ఉన్నారు, ఆడవాళ్ళు బయటినుంచి కోడళ్ళుగా వచ్చారు. ఇవన్నీ చెప్పడానికి ఎవరి కల్లోకీ ఎవరూ రానక్కర్లేకపోయింది.

మన దగ్గరా తవ్వి చూడవలసినది చాలా ఉంది. బోయిన్‌పల్లి దగ్గర హష్మత్‌పేటలో ఇనుప యుగపు రాతి సమాధులున్నాయి. సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో తవ్వినప్పుడు సమాధి మీది రాయి 40 టన్నులకు పైగా ఉందని తేలింది, దాన్ని లేపడానికి క్రేన్ రావలసి వచ్చింది. ఆ సమాధుల్లో కుండలూ పూసలూ ఇనప పనిముట్లూ పెట్టారు. నాగపూర్ దగ్గర మహుర్‌ఝరిలోనైతే గుర్రాలనూ పాతారు, వాటి తలకు కట్టిన రాగి సొమ్ములతో సహా. వీళ్ళకూ ఒఘుజ్‌లకూ చుట్టరికం లేదు, మధ్య వెయ్యేళ్ళకు మించిన ఎడం. అయినా ఇద్దరికీ తమవాణ్ణి వట్టి చేతులతో పంపడానికి మనసొప్పలేదు. ఆ ప్రేమకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఆ రాళ్ళను మనవాళ్ళు రాక్షస గుళ్ళంటారు. అంత బరువు మోసిన మనుషుల భుజాలను మరిచి రాక్షసులకు కట్టబెట్టడం నాకు బాధగా ఉంటుంది. గుప్తనిధుల కోసం పూజలు చేసి, రాత్రిళ్ళు గడ్డపారలతో ఆ సమాధులను పెకలించేవాళ్ళను చూస్తే కోపం వస్తుంది. వాళ్ళకు బంగారం దొరకదు, మనకు చరిత్ర మిగలదు.

ఇక్కడ పెట్టింది అక్కడికి చేరేటట్టయితే, మేడమీదివాడికి కింద విస్తరి వేస్తే కడుపు నిండాలి కదా అని చార్వాకులు ఎప్పుడో అడిగారు. మేము ఉండేది మేడమీదే. నిన్న కింద మీరు వండిన అన్నంతో నా ఆకలి తీరిందా అని ఆమెను అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపారు. ఒఘుజ్‌ల గుర్రాల కథ కూడా చెప్పాను. చాలాసేపు జాబితా మడతలు సరిచేస్తూ కూర్చున్నారు.

"ఇవన్నీ ఇవ్వకపోతే ఆయనకేమీ కాదు కదా, అన్నయ్యగారూ?"

"ఏమీ కాదమ్మా. ఆయన నడవడం లేదు. ఆయన కాళ్ళు నొప్పి పెట్టడం లేదు."

అప్పుడు ఆమె, ఆయన పోయాక మొదటిసారి, గట్టిగా ఏడ్చారు.