విసిరిన చేతికి దక్కిందెంత?

ఢిల్లీ కట్వారియా సరాయ్ అద్దె గదుల్లో ఇంజనీరింగ్ సర్వీసులకు, గేట్‌కు చదివే మన పిల్లలకు పోటీ అంటే ఏమిటో తెలుసు. ర్యాంకు రాకపోయినా వారి చేతిలో డిగ్రీ ఉంటుంది. ఆటనే నమ్ముకున్నవాడికి ఆ ఆసరా కూడా ఉండదు.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ ఆటగాడు రింకూ సింగ్ 2008లో బంతి విసిరే ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీ గెలిచి లక్ష డాలర్లు అందుకున్నాడు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు అతన్నీ, అదే పోటీలో పాల్గొన్న దినేశ్ పటేల్‌నూ బేస్‌బాల్ పిచర్లుగా తీసుకుంది. 2009లో అక్కడి అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లో కనీస వార్షిక వేతనం 4 లక్షల డాలర్లు. ఇద్దరూ ఆ మెట్టు ఎక్కలేకపోయారు. కింది స్థాయి లీగ్‌లలో అప్పట్లో దక్కేది నెలకు వెయ్యి డాలర్ల ప్రాంతమే, అదీ సీజన్ నడిచినన్నాళ్లే. ఆ అన్యాయంపై ఆటగాళ్లు కోర్టుకెక్కితే 2022లో 18.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. దినేశ్‌ను జట్టు 2010లో వదులుకుంది. రింకూ గాయాలతో ఏళ్లు పోగొట్టుకుని 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలోకి వెళ్లాడు. ఆ ఇద్దరి కథను డిస్నీ 2014లోనే సినిమాగా తీసింది; తెర మీద కనిపించింది గెలుపే.

ఆటలో ఓడినా బతుకులో ఓడకూడదంటే, క్రీడా పాఠశాలల్లో చేర్చుకున్న ప్రతి బిడ్డకూ డిగ్రీ వరకు చదువుకు, గాయాల బీమాకు ప్రభుత్వాలే పూచీపడాలి.