బండిలో ఇల్లు సరే, దిగడానికి ఊరేది?



పోయిన ఆదివారం మీటింగులో మన కల్యాణ మండపం వెనకున్న ఖాళీ స్థలం గురించి పెద్ద చర్చే జరిగింది. లారీలు నిలబెట్టుకోవడానికి నెల బాడుగకిస్తే సంఘానికి రాబడి వస్తుందని ఎక్కువమంది అన్నారు. నేను ఆ రోజు నోరు విప్పలేదు. నలుగురిలో లేచి మాట్లాడడం నాకు చేతకాదు, రాయడమైతే కొంచెం వస్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపికగా చదవండి.

ముందు ఫ్రాన్సు సంగతి చెప్పాలి. గుమ్మిడిపూండి మండపానికీ ఫ్రాన్సుకీ ఏం సంబంధం అంటారా? వస్తున్నా.

పోయిన అక్టోబరులో మా అమ్మాయి, అల్లుడు మా ఇద్దరినీ ఫ్రాన్సు పల్లెటూళ్ళు చూపించడానికి మోటార్‌హోమ్‌లో తీసుకెళ్ళారు. చూడ్డానికి పెద్ద వ్యాను. లోపల పడక, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, చలికి హీటరు, ఒక మూల టాయిలెట్. బరువు మూడున్నర టన్నులు దాటదు కాబట్టి కారు లైసెన్సే చాలునట, అల్లుడే నడిపాడు. పదకొండు రోజులు మేము హోటల్ మెట్లెక్కలేదు. చారు, పెరుగన్నం అన్నీ బండిలోనే.

దోర్దోన్య్ అనే నది పక్క ఊళ్ళన్నీ తిరిగాం. అక్కడ అక్టోబరులో ఎనిమిది దాటితే గానీ తెల్లారదు. పొద్దున లేచి తలుపు తీస్తే నది మీద పొగమంచు, చెట్లన్నీ పసుపూ ఎరుపూ. అక్రోటు కాయలు రాలే కాలం. సార్లా అనే ఊళ్ళో శనివారం సంత చూశాం. గంపల్లో అక్రోట్లు, అడవి పుట్టగొడుగులు, గుమ్మడికాయలు. "మన సంతలాగే ఉంది, అరుపులే లేవు" అంది మా ఇంటావిడ.

అందం గురించి ఇంతే రాస్తాను. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి.

ఆ బండిలో టాయిలెట్ ఉంది సరే, దాని కింద ఒక పెట్టె ఉంటుంది. రెండు మూడు రోజులకి అది నిండుతుంది. నీళ్ళ ట్యాంకు ఖాళీ అవుతుంది, గిన్నెలు కడిగిన మురికినీళ్ళ ట్యాంకు నిండుతుంది. అప్పుడు ఎక్కడికి పోవాలి? ఫ్రాన్సులో చాలా ఊళ్ళలో మునిసిపాలిటీయే దీనికొక చోటు కట్టి పెట్టింది. ఒక కుళాయి, మురికినీళ్ళు వదలడానికి ఒక తూము, పెట్టె ఒంపి కడగడానికి ఒక గుంట, పక్కన నాలుగు బండ్లు నిలిచే స్థలం. కొన్నిచోట్ల ఊరికే, కొన్నిచోట్ల కొద్ది యూరోలు. మన పంచాయతీ అంత లేని ఊళ్ళలో కూడా చూశాను.

రైతులు కూడా చోటిస్తారు. 'ఫ్రాన్స్ పాసియోఁ' అని 1993 నించి ఒక ఏర్పాటు నడుస్తోంది. ఏడాదికొకసారి చందా కట్టి అందులో చేరితే, ద్రాక్షతోటల వాళ్ళు, పాడి రైతులు తమ స్థలంలో 24 గంటలు బండి పెట్టుకోనిస్తారు. దానికి బాడుగ లేదు. ఏమైనా కొనాలని నిర్బంధమూ లేదు. కానీ ఒకరి వాకిట్లో పడుకుని లేచి ఉత్తచేతులతో ఎవరు పోతారు? మేము అక్రోటు నూనె సీసా కొన్నాం. "మన వేరుశనగ నూనె ముందు ఇదెంత" అని సణుగుతూనే మా ఇంటావిడ చీరల మధ్యలో పెట్టి భద్రంగా తెచ్చింది.

ఒకరోజు సాయంత్రం మేము చేరిన ఊళ్ళో ఆ చోటు మూసి ఉంది. పెట్టె నిండింది, నీళ్ళు అయిపోయాయి, చీకటి పడుతోంది. ఇంకో 20 కిలోమీటర్లు పోయాక గానీ కుళాయి దొరకలేదు. ఆ గంటసేపు లక్షల ఖరీదు చేసే ఆ బండి ఎందుకూ పనికిరాని డబ్బా. అప్పుడు తెలిసింది నాకు. బండిలో ఇల్లు సగమే, తక్కిన సగం ఊరు ఇవ్వాలి.

ఇంకో మాట. మొదటి రోజు మా ఇంటావిడ పొద్దున నించి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగలేదు. ఏమే అంటే, "ప్రయాణం కదా" అంది. టాయిలెట్ ఆమెకి మూడడుగుల దూరంలో ఉంది! పన్నెండేళ్ళ కింద బస్సులో కాశీకి పోయినప్పుడు పట్టుకున్న అలవాటది. ఆ బస్సు డిక్కీలో పొయ్యి, గుండిగలు, బియ్యం మూటలు, వంటమనిషి, అన్నీ ఉన్నాయి. ఆడవాళ్ళు దిగడానికి ఒక మరుగు మాత్రం లేదు. నీళ్ళు తాగడం మానేసింది. అయిదో రోజుకి జ్వరం, మూత్రంలో మంట, రెండు రోజులు ఆసుపత్రి. విశ్వనాథుణ్ణి చూసినప్పుడు కూడా ఆమె నిలబడలేక గోడకి ఆనుకుని ఉంది.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. కార్తీకం మొదలైతే నెల్లూరు, ఒంగోలు వైపు నించి అయ్యప్ప స్వాముల బస్సులు మన హైవే మీదే కదా పోయేది. ఆ తరవాత ఎర్ర చీరలతో మేల్‌మరువత్తూరు పోయే ఓం శక్తి బస్సులు, వాటిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. రోడ్డు వారన పొయ్యి పెట్టి వండుకునేది మనందరం చూస్తున్నదే. అవి మన మోటార్‌హోమ్‌లు కావా? ఫ్రాన్సు వాడి బండిలో ఇద్దరుంటే మన బస్సులో యాభై మంది. వాళ్ళకి కావలసిందీ అదే, ఒక కుళాయి, ఒక మరుగు. తెల్లారుజామున చీకట్లో ఆడవాళ్ళు రోడ్డు దాటి తుమ్మచెట్ల చాటుకి పోతుంటే, ఎదురుగా లారీలు వస్తుంటే, మనం చూసి "చెత్త చేస్తున్నారు" అని తిట్టుకుంటాం.

మనకిది కొత్త కూడా కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పల్లకీ, బోయీలు, డేరాలు, పరివారంతో ఒక ఊరే కదిలినట్టు పోయారు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. నాది తమిళ మీడియం చదువు, అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడానికి నాకు ఒక వేసవి పట్టింది. దిగిన ఊరల్లా ఆయన చూసేదేమిటి? సత్రం ఉందా, నీళ్ళు మంచివేనా, అంగళ్ళున్నాయా. డేరా వెంట ఉన్న మనిషికి కూడా ఊరే దిక్కు. ఆ రోజుల్లో సత్రం కట్టించిన వాళ్ళు లాభం లెక్క చూసుకుని కట్టించారా?

ఇక నా మాట. లారీలకి ఇవ్వొద్దనను, సంఘానికి డబ్బు కావాలని నాకూ తెలుసు. ఫిబ్రవరి నించి అక్టోబరు దాకా ఇచ్చుకోండి. కార్తీకం మొదలు తై పూసం దాకా మాత్రం ఆ స్థలం యాత్ర బస్సులకి వదలండి. ఆడవాళ్ళకి నాలుగు టాయిలెట్లు, మగవాళ్ళకి రెండు, స్నానానికి తొట్టి, ఒక లైటు, రోడ్డు మీద తెలుగులోనూ తమిళంలోనూ ఒక బోర్డు. బస్సుకి వంద రూపాయలు తీసుకోండి, కడిగే మనిషి జీతంలో కొంతైనా వస్తుంది.

"గబ్బు చేసి పోతారు" అని కోశాధికారి గారు అంటారు, తెలుసు. ఆ భయం తప్పు కాదు. ఫ్రాన్సులో కూడా బండ్లవాళ్ళు ఆగడం చేసిన చోట పెద్ద బండ్లు దూరకుండా అడ్డ కమ్మి వేసేశారు. అందుకే కాలం, రుసుం, నియమం మూడూ ముందే రాసి పెట్టాలి. ఒక పూటే, పాత్రలు తూము దగ్గరే కడగాలి, ఎంగిలాకులు గుంటలో వేయాలి. చెప్పే మనిషి అక్కడే ఉంటే వింటారు. ముప్పై ఏళ్ళకి పైగా బుకింగ్ కౌంటరులో కూర్చున్నవాణ్ణి, క్యూకి కమ్మీ లేనిచోటే జనం తోసుకుంటారని నాకు తెలుసు.

మొదటి ఏడాది తెల్లారుజామున నాలుగు నించి ఎనిమిది దాకా నేనే కూర్చుంటాను. నాకు ఎటూ నిద్ర పట్టదు. టాయిలెట్ల ఖర్చులో మొదటి పది వేలు మా ఇంటావిడ ఇస్తానంది, తన పేరు రాయొద్దని కూడా చెప్పింది. అందుకే రాయలేదు.

వచ్చే మీటింగులో దీన్ని ఓటుకి పెట్టమని కోరుతున్నాను. కాదనేవాళ్ళు ఇక్కడే రాయండి, జవాబు చెబుతాను. కానీ రాసే ముందు మీ ఇంట్లో ఆడవాళ్ళని ఒక్క మాట అడగండి, ప్రయాణంలో నీళ్ళు తాగుతారా అని.