పలకల ఊరిలో కోణాక్షరములు

మార్కాపురము బజారునగాని గిద్దలూరు బస్టాండు పరిసరములగాని నడచువారికి ఈ నడుమ ఒక క్రొత్త అక్షరవేషము కంటబడుచున్నది. వ్యాయామశాలల బోర్డులమీదను, సెల్‌ఫోను దుకాణముల నొసటను, సినిమా హీరోల జన్మదిన ఫ్లెక్సీలమీదను, వంపులన్నియు తీసివేయబడి, మూలలు వాడిగా కోయబడి, మడిచిన ఇనుపరేకులవలె నిలిచియుండు అక్షరములవి. యంత్రమానవుల కథలకు, అంతరిక్షయానపు చిత్రములకు తగినదని భావింపబడిన ఆ రూపమును చూచి, తెలుగు లిపి చెడిపోవుచున్నదని పెద్దలు కొందరు చింతింపవచ్చును. ఆ చింత నాకు లేదు. కోణము తెలుగునకు పరాయిది కాదు; దానిని తెచ్చి అతికించుచున్న తీరు మాత్రమే సరిగాలేదు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద అశోకుని ధర్మశాసనములు చెక్కబడిన బ్రాహ్మీలిపిలో కకారము అడ్డగీతయు నిలువుగీతయు ఖండించుకొనిన కూడిక గుర్తు. గకారము పైకొసన కలిసికొనిన రెండు వాలుగీతలు. మన లిపికి మూలము ఆ బ్రాహ్మియే. పిమ్మట తాటియాకును గంటమును వచ్చిన కాలమున, ఆకు ఈనెలవెంట గీత గట్టిగా లాగినచో ఆకు చీలును గనుక, లేఖకుని చేయి క్రమముగా వంపులకు మరిగినదని లిపిశాస్త్రజ్ఞులు సాధారణముగా చెప్పుదురు. త్రిపురాంతకేశ్వరాలయమునందలి కాకతీయుల కాలపు శాసనములను చూచినవారికి, ఉలితో రాతిమీద చెక్కునప్పుడు సైతము మన శిల్పులు ఆ గుండ్రదనమును విడువలేదని తెలియును. ఉలికి సరళరేఖయే సులభము. అయినను వారు వంపునే కోరిరి. అక్షరరూపము పనిముట్టును బట్టి పుట్టినను, ప్రజల అభిమానమును బట్టి నిలుచునని నేను నమ్ముటకు ఆ రాళ్లే ఆధారము.

ఈ విషయమున మాటాడుటకు మార్కాపురమునకు విశేషాధికారము కలదు. ఇచ్చటి గనులలో పొరలుపొరలుగా విడివడు రాతిని పలుచగా చీల్చి, చదరముగా కోసి, నునుపు చేసి, కొయ్యచట్రము బిగించిన పలకలమీదనే కదా తెలుగుపిల్లలు తరతరములుగా బలపము పట్టి ఓనమాలు దిద్దినది! పలకమీద బిడ్డ నేర్చునది అందముకంటె ముందుగా భేదము. రకారము నడుమ చుక్క పెట్టినచో ఠకారమగుననియు, బకారమునకు తలకట్టు ఇచ్చి క్రింద చిన్నగీత చేర్చినచో భకారమగుననియు, మకారమునకును కొమ్ముగల ‘వు’కును ఉన్న ఎడము కొస యొక్క పొడవుమాత్రమే అనియు వ్రేలు నొచ్చునట్లు దిద్ది నేర్చుకొనును.

కోణాక్షరములు గీయువారు మొట్టమొదట పోగొట్టునది ఈ భేదమునే. ‘కంభం’ అను ఊరిపేరును తీసికొనుడు. సున్నలు రెండును పలకలు తేరిన నలుచదరములై, భకారము క్రింది గీత అంచులో కలిసిపోయినచో, చదువరి దానిని మరియొక ఊరనుకొనినను అతని తప్పు లేదు. ‘మార్కాపురం’ అనునప్పుడు రకారము క్రింద కకారపు వత్తు ఒదుగవలెను. రోమను అక్షరములకై గీచిన రెండుగీతల నడుమ ఆ వత్తునకు చోటెక్కడిది? దానిని నలిపి, కుదించి, ఒక మేకుతలంత చేసి క్రింద పడవేయుదురు. తలకట్టును, గుడిని, వత్తును ఆదినుండి లెక్కలోనికి తీసికొని గీచిన కోణాక్షరమునకు ఈ దురవస్థ పట్టదు.

ఐరోపాలోను ఈ ప్రయోగము జరిగినది. డచ్చి రూపకర్త విమ్ క్రౌవెల్ 1967లో, ఆనాటి ఎలక్ట్రానిక్ అక్షరయంత్రముల తెరమీద వంపులు సరిగా పలుకుటలేదని గమనించి, అడ్డగీతలు, నిలువుగీతలు, కోసిన మూలలు మాత్రమే కల ‘న్యూ ఆల్ఫాబెట్’ను రచించెను. అది చదువుటకు కష్టమని అందరును అనిరి. అది వాడుకకు ఉద్దేశించినది కాదు, ప్రయోగమని ఆయనయే చెప్పెను. 1988లో జాయ్ డివిజన్ అను సంగీతబృందపు సంకలనము అట్టమీదికి ఆ అక్షరముల మార్పురూపము ఎక్కినది. అట్టమీద, ఒక్క మాటకు, పెద్దదిగా: ఇట్టి అక్షరమునకు తగిన స్థానమదియే.

మనకు ఉచితముగా దొరకు యూనికోడ్ ఫాంట్లు లేకపోలేదు. సిలికానాంధ్ర వెలువరించిన మండలి చదువుటకును, ధూర్జటి, రామభద్ర శీర్షికలకును అక్కరకు వచ్చుచున్నవి. వానిసరసన, తెలుగు ఎముకలగూటిపై గీచిన నిఖార్సయిన కోణాక్షరమొకటి చేరిన నేను సంతసింతును. పలకరాతిని చూచుచు పెరిగిన ఈ ప్రాంతపు యువకులే దానికి పూనుకొనిన మరింత సంతసింతును. అయితే బస్సు బోర్డును, ఆసుపత్రి గది పేరును, మందు వాడు విధమును, రేషను దుకాణపు పనివేళలును ఆ వేషమున రానే కూడదు. చత్వారము వచ్చిన రైతు దోర్నాల బస్సును దూరమునుండి గుర్తించుట అలంకారముకంటె ముఖ్యము.

కాబట్టి బోర్డు చేయించు దుకాణదారులకు నా మనవి ఒక్కటే: డబ్బు చెల్లించుటకు ముందు ఆ నమూనాను రోడ్డు ఆవలిప్రక్కన నిలిపి, మూడవ తరగతి చదువు బిడ్డచేత ఒకసారి చదివించి చూడుడు, బిడ్డ తడబడినచో గీచినవానిచేత మరల గీయించుడు.