బండి వింతయా, నడపునామె వింతయా?



ఉదయగిరి దుర్గము క్రిందనున్న ఊరిలోనికి క్రొత్తరకపు కారు వచ్చిన, పిల్లలకు పండుగయే. బస్సులను, ఆటోలను, ట్రాక్టరులను నిత్యము చూతురు గావున వానిపై మోజు లేదు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కానవచ్చినచో చుట్టుముట్టుదురు. పచ్చపలకపై తెల్లని అంకెలున్న కారు విద్యుత్తుతో నడచు సొంతబండి యనియు, పసుపుపచ్చని అంకెలున్నచో బాడుగబండి యనియు చెప్పగలరు. ఏ.పి. 26 అనునది నెల్లూరు జిల్లా గుర్తనియు, 39 అనునది 2019లో రాష్ట్రమంతటికి నేర్పడినదనియు పెద్దలకే పాఠము చెప్పుదురు.

మొన్న మేము ఆత్మకూరు నుండి ఉదయగిరికి బంధువుల యింటికి పోయి, అరుగుపై కూర్చుండి యుండగా, పైకప్పు లేని యెఱ్ఱని కారొకటి వచ్చెను. మగపిల్లలు దాని పేరును, వెలను తర్కించుచుండిరి. ఎనిమిదేండ్ల బాలిక మాత్రము, "అవ్వా, తోలేది ఆడామె!" అని కేకవేసెను. అంతవఱకు మే మామెను చూడనే లేదు. ఊరివారికి బండికంటె ఆమెయే వింతయయ్యెను.

ఆ రాత్రి పిల్లలకొక కథ చెప్పితిమి. జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అను నాయన 1886లో తన మోటారుబండికి పేటెంటు పొందెను. జనులకు దానిపై నమ్మకము కుదరలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకయే, ఇద్దఱు కుమారులను వెంటగొని, ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరముననున్న పుట్టినింటికి ఆ బండిలో బయలుదేరెను. ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీపిన్నుతో శుభ్రపఱచెను. ఇంధనము మందులంగడిలో కొనెను. మిట్టలలో కుమారులు బండిని త్రోసిరి. బ్రేకులరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించెను. లోకమున కారులో జరిగిన మొదటి దూరప్రయాణమిదియే.

"పుట్టినింటికి పోవుటకే యింత సాహసమా!" యని అవ్వ నవ్వెను. ఆ యింటి కోడలు నవ్వలేదు. వాకిట కారు కలదు. పెనిమిటి ఊరలేని రాత్రి బిడ్డకు తీవ్రజ్వరము రాగా, తాళపుచెవి చేతనుండియు, ఆమె ఆటోకొఱకు వీధిలో నిలువవలసివచ్చెనట. ఆ మాట విన్న తరువాత మాకును నవ్వు రాలేదు.

కారు నేర్చుట కష్టసాధ్యము కాదు. 18 ఏండ్లు నిండినవారు ఎల్.ఎల్.ఆర్. పొందవచ్చును. అది ఆఱుమాసములు చెల్లును. 30 దినములు గడచిన పిదప నడపు పరీక్షకు పోవచ్చును. నేర్చుకొనునపుడు ప్రక్కన లైసెన్సు గలవారుండవలెను, బండికి ఎఱ్ఱని 'ఎల్' గుర్తుండవలెను. చీరకుచ్చెళ్లు పెడలునకు తగులకుండ సర్దుకొనుటయు, మడమజారని చెప్పులు తొడుగుకొనుటయు మఱువరాదు.

మేము తిరిగి వచ్చునాటికి ఆ కోడలు తన ఎల్.ఎల్.ఆర్.కు కాగితములు సిద్ధపఱచుకొనుచుండెను. బాలిక తన కార్ల నోటుపుస్తకములో, 'తోలినది ఎవరు?' అని యొక గడి క్రొత్తగా గీసికొన్నది. అందు మొదటి పేరు తన పిన్నమ్మదే కావలెనట.